బస్తా లెక్క, కాగితం లెక్క



ఈ రోజు ఒక ఉద్యోగి పని గురించి తెలుసుకుందాం. ఆయన అటవీ శాఖ అధికారి. ఊళ్లో అందరూ రేంజరు గారు అంటారు. వన్యప్రాణులను కాపాడే చట్టాన్ని అమలు చేయడం ఆయన పని.

"మన కోనసీమలో అడవెక్కడుందండీ, ఆయనకి పనేముంటుంది?" అని మీరు అడగవచ్చు. నిజమే. ఇటు గౌతమి, అటు వసిష్ఠ, నడుమ వైనతేయ. ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు. ఇక్కడ పెద్దపులులు లేవు, ఏనుగులు లేవు. అయినా వన్యప్రాణులు ఉన్నాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉన్నాయి. వాటిలో నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురుపిల్లులు తిరుగుతాయి. చలికాలం చివర్లో అంతర్వేది వంటి తీరాలకు సముద్రపు తాబేళ్లు వస్తాయి. మన పంటకాలువల్లో, చెరువుల్లో మంచినీటి తాబేళ్లు బతుకుతాయి. వీటిని పట్టడం, చంపడం, అమ్మడం నేరం. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ మాట చెబుతోంది.

అనుభవమున్న రేంజరుకి ఏ నెలలో ఎక్కడ కాపలా కాయాలో తెలుసు. జనవరి నుంచి మార్చి వరకు ఆయన చూపు సముద్రపు ఒడ్డు మీద ఉంటుంది. తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డుకి వస్తుంది. ఇసుకలో గొయ్యి తవ్వి నూరు గుడ్ల దాకా పెడుతుంది. గొయ్యి పూడ్చి తెల్లారేలోగా సముద్రంలోకి వెళ్లిపోతుంది. సిబ్బంది పొద్దున్నే ఇసుక మీద దాని జాడ చూసి గుడ్లున్న చోటు కనిపెడతారు. కుక్కలు, నక్కలు తినకుండా కాపాడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ గుడ్లు తీసుకుపోయినా చట్టం దృష్టిలో అది వేటే.

ఎండాకాలం వచ్చిందంటే ఆయన చూపు ఊళ్ల వైపు తిరుగుతుంది. కాలువలు కట్టేస్తారు. చెరువులు ఎండుతాయి. మంచినీటి తాబేళ్లు బురదలోకి దిగి దాక్కుంటాయి. ఇనుప ఊచతో బురదలో పొడిచి చూస్తే దొరికిపోతాయి. పట్టినవాడికి దక్కేది కొద్ది డబ్బులే. అసలు లాభం దూరాన ఉన్న వ్యాపారిది. గోదావరి జిల్లాల నుంచి ఒడిశా వైపు బస్తాల్లో తరలిపోతున్న తాబేళ్లను అటవీ అధికారులు ఇటీవలి సంవత్సరాల్లో పట్టుకున్నారు.

తాబేలు పోతే మనకేం నష్టం? అది చచ్చిన చేపల్ని, నత్తల్ని, పురుగుల్ని తింటుంది. నీటిని శుభ్రం చేస్తుంది. దాని మాంసం తింటే రోగాలు పోతాయని కొందరంటారు. దానికి రుజువు లేదు.

ఇప్పుడు ఒక రాత్రి సంగతి ఊహించుకుందాం. కాలువగట్టు మీద ఒక వ్యాను ఆగింది. పైన కొబ్బరికాయలు, కింద గోనెబస్తాలు. రేంజరు గారు బస్తా మీద చెయ్యి వేశారు. లోపల ఏదో కదిలింది.

"ఏమయ్యా, ఏముంది ఇందులో?"

"నాకు తెలీదండి బాబూ. ఎక్కించమన్నారు, ఎక్కించానండి."

"ఎవరు ఎక్కించమన్నారు?"

"పేరు తెలీదండి. ఫోను చేస్తాడండి, అంతే."

కొత్త ఉద్యోగి అయితే ఇక్కడితో సంతోషిస్తాడు. సరుకు దొరికింది, మనిషి దొరికాడు. అనుభవమున్న రేంజరు అక్కడ ఆగడు. కూలీవాడు జైలుకెళ్తే వ్యాపారి మరో కూలీని వెతుక్కుంటాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే ఫోను ఎవరు చేశారు, డబ్బు ఎవరిచ్చారు, సరుకు ఎక్కడ దింపాలి అని ఓపిగ్గా అడుగుతాడు. ఒక్కో మాటా రాయిస్తాడు.

తర్వాత ఊళ్లోవాళ్లను ఇద్దరిని సాక్షులుగా పిలిచారు. వాళ్ల ఎదుటే బస్తాలు విప్పి లెక్క పెట్టారు. ఎప్పుడు దొరికాయి, ఎక్కడ దొరికాయి, ఎన్ని బస్తాలు, ఎన్ని తాబేళ్లు బతికున్నాయి, ఎన్ని చచ్చాయి, అన్నీ కాగితం మీద రాశారు. దీన్నే పంచనామా అంటారు.

సాక్షుల్లో ఒక అక్క ఉంది. ఒకప్పుడు వేలిముద్ర వేసేది. రాత్రిబడికి వెళ్లి చదువు నేర్చింది. "చదివి సంతకం పెడతానండి," అంది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. ఒకచోట ఆగింది.

"తొమ్మిది బస్తాలు విప్పారు కదండీ. ఇందులో ఎనిమిదని ఉందేంటండీ?"

రేంజరు గారికి కోపం రాలేదు. బస్తాలు మళ్లీ లెక్కపెట్టించారు. తొమ్మిదే! తప్పు దిద్ది, దిద్దిన చోట అందరి చేతా సంతకాలు పెట్టించారు.

"నువ్వు చూడకపోతే కేసు ఇక్కడే పోయేదమ్మా," అన్నారు.

అది ఉత్తమాట కాదు. కోర్టులో లాయరు మొదట పట్టుకునేది ఇలాంటి తేడానే. కాగితం మీద ఎనిమిది, కోర్టులో తొమ్మిది అయితే కేసు బలం తగ్గిపోతుంది. రాత్రంతా కాపలా కాసిన కష్టం వృథా అవుతుంది. బతికున్న తాబేళ్లను మేజిస్ట్రేటు అనుమతితో మళ్లీ నీటిలో వదిలిపెడతారు. నేరం తేలడానికి మాత్రం కాగితమే ఆధారం.

మరి పట్టుబడ్డ కూలీ సంగతేంటి? మొదటి జాబితాలోని ప్రాణిని వేటాడితే శిక్ష 3 ఏళ్లకు తగ్గదు. 7 ఏళ్ల దాకా పడవచ్చు. జుర్మానా కనీసం 25,000 రూపాయలు. 2022లో చట్టాన్ని సవరించారు. ఈ జుర్మానా 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సముద్రపు తాబేళ్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. ఇంకో సంగతి. చట్టం కాపాడే ప్రాణి ఎవరి దగ్గర దొరికితే, తన తప్పు లేదని వాళ్లే రుజువు చేసుకోవాలి. "ఈ రాత్రికి ఈ బస్తాలు మీ పాకలో ఉంచండి, రెండొందలిస్తాను" అని ఎవరైనా అంటే ఆలోచించండి. ఆ రెండొందలు మీ కొంప ముంచవచ్చు.

పట్టుబడినవాడికీ హక్కులున్నాయి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచితంగా ఇస్తారు. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. కొట్టడానికి ఎవరికీ అధికారం లేదు. మంచి రేంజరు ఇవన్నీ పాటిస్తాడు. పాటించకపోతే కేసూ నిలవదు, ఊరూ ఆయన్ని నమ్మదు.

ఊరు నమ్మకపోతే ఆయన పని సాగదు. ఆయన దగ్గర ఉండే సిబ్బంది కొద్దిమందే. కాలువలు, లంకలు, తీరం అన్నీ వాళ్లే చూడలేరు. చీకట్లో వ్యాను ఆగిందని చెప్పేది ఊరి మనిషే. వలలో పడ్డ తాబేలును విడిపించేది మత్స్యకారుడే. సాక్షిగా వచ్చి నిజం చెప్పేదీ మనవాళ్లే.

అక్కలారా! అన్నలారా! ఎవరు ఏ కాగితం ఇచ్చినా ముందు చదవండి. అర్థం కాకపోతే అడగండి. కళ్లతో చూసిందే అందులో ఉంటే సంతకం పెట్టండి. లేకపోతే దిద్దమనండి. ఆ అక్క చేసిన పని అదే.

సెలవు.