మూత మూస్తే నిద్రపోయినట్టేనా? బ్యాగ్‌లో ల్యాప్‌టాప్ ఎందుకు కాలుతోంది?

 

ఇవాళ్టి టాపిక్ చూడ్డానికి చాలా చిన్నది. ల్యాప్‌టాప్ మూత మూసి బ్యాగ్‌లో పెట్టుకుంటాం. గంట తర్వాత బయటికి తీస్తే చెయ్యి కాలుతుంది, చార్జింగ్ సగం కనబడదు. "అన్నా, నా ల్యాప్‌టాప్ పోయిందా?" అని ఈ మధ్య ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఇదే. చాలా కేసుల్లో ఏమీ పోలేదు. అది నిద్రపోలేదు, అంతే. ఎందుకు నిద్రపోవట్లేదు, ఎలా పడుకోబెట్టాలి, వేడెక్కితే అసలు దెబ్బ దేనికి తగులుతుంది, ఈ మూడూ మాట్లాడుకుందాం.

ఈ మెసేజ్‌లలో ఎక్కువ అశోక్‌నగర్, చిక్కడపల్లి నుంచే వస్తున్నాయి. దానికి కారణం ఉంది. అక్కడ గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ల రోజు ఎట్లా గడుస్తుందో మీకు తెలుసు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు పట్టుకోవాలి. మధ్యాహ్నం మెస్, తర్వాత క్లాస్, సాయంత్రం టీ బండి దగ్గర కరెంట్ అఫైర్స్ డిస్కషన్, రాత్రికి హాస్టల్. నారాయణగూడలో రూము ఉంటే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి తర్వాతి స్టేషన్‌లో దిగడమే. అంటే రోజుకి ఐదారు సార్లు ల్యాప్‌టాప్ మూత పడుతుంది, బ్యాగ్‌లోకి వెళ్తుంది. ఆఫీసులో ఒకే టేబుల్ మీద ఉండే ల్యాప్‌టాప్‌కి లేని కష్టం ఇది.

పైగా ఆ ల్యాప్‌టాప్ చాలామందికి ఇంటి నుంచి వచ్చిన డబ్బుతో కొన్నది. నోట్స్, పీడీఎఫ్‌లు, టెస్ట్ సిరీస్, రికార్డెడ్ క్లాసులు, అన్నీ అందులోనే. పరీక్షకి ఇరవై రోజుల ముందు బ్యాటరీ ఉబ్బి ల్యాప్‌టాప్ షాపులో పడితే పోయేది ఒక్క డబ్బే కాదు, ఆ రోజులు కూడా. అందుకే ఈ ఎపిసోడ్.

సరే, మేటర్‌లోకి వెళ్దాం. నిద్ర అంటే ఏంటి?

1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అని ఒక స్టాండర్డ్ తెచ్చాయి. కంప్యూటర్ ఏ స్థాయిలో ఎంత పడుకోవాలో అందులో రాసుకున్నారు. అందులో మనకి కావాల్సినవి మూడే.

మొదటిది ఎస్3. పాత ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే ఇదే. ప్రాసెసర్ ఆఫ్, డిస్క్ ఆఫ్, ఫ్యాన్ ఆఫ్. ర్యామ్‌కి మాత్రం కొద్దిగా కరెంట్ అందుతూ ఉంటుంది, తెరిచి పెట్టిన పని పోకుండా. హాస్టల్ భాషలో చెప్పాలంటే, రూములన్నీ చీకటి, అందరూ గాఢనిద్ర, గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే మేలుకుని ఉన్నాడు.

రెండోది ఎస్4, అంటే హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా ఎస్ఎస్‌డీలో ఒక ఫైల్‌గా రాసేసి, మొత్తం కరెంట్ ఆపేస్తుంది. సామాన్లు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, మెయిన్ స్విచ్ దించి ఊరెళ్లిపోయినట్టు. తిరిగొచ్చాక పెట్టె తెరిస్తే అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి.

మూడోది అసలు కథ. మోడరన్ స్టాండ్‌బై. టెక్నికల్ పేరు ఎస్0 లో పవర్ ఐడిల్. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై అని మొదలైంది, 2015లో విండోస్ 10తో మోడరన్ స్టాండ్‌బై అయింది. ఐడియా మీ చేతిలో ఉన్న ఫోన్ నుంచి వచ్చిందే. ఫోన్ స్క్రీన్ ఆపినా వాట్సాప్ మెసేజ్ వస్తుంది, మెయిల్ సింక్ అవుతుంది, బటన్ నొక్కగానే లేస్తుంది. ల్యాప్‌టాప్ కూడా అట్లాగే ఉండాలనుకున్నారు.

ఇక్కడ ఎస్0 అంటే ఏంటో గమనించండి. ఏసీపీఐ లెక్కలో ఎస్0 అంటే మిషన్ ఆన్‌లో ఉన్నట్టు. అంటే మీ ల్యాప్‌టాప్ పడుకోలేదు, లైట్ ఆర్పుకుని మంచం మీద వాలింది. మళ్లీ హాస్టల్‌కే వద్దాం. రూములో నలుగురు, లైట్ ఆఫ్, కానీ అందరి చేతుల్లో ఫోన్లు. ఒక్కడికి కాల్ వచ్చి లైట్ వేశాడా, రూమంతా లేచినట్టే. ల్యాప్‌టాప్‌లో ఆ ఒక్కడు వైఫై డ్రైవర్ కావచ్చు, విండోస్ అప్‌డేట్ కావచ్చు, బ్లూటూత్ కావచ్చు, బ్యాగ్‌లో నొక్కుకుపోతున్న వైర్‌లెస్ మౌస్ కూడా కావచ్చు.

మరి ఫోన్‌కి లేని బాధ దీనికెందుకు? ఫోన్ మొదటి నుంచీ జేబులో ఉండే వస్తువు. దాని చిప్, యాప్స్, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ తక్కువ కరెంట్‌తో బతకడానికే తయారయ్యాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో ఎక్కువ పని చేస్తున్న యాప్‌ని ఆండ్రాయిడ్ ఆపేస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో అట్లా కాదు. ప్రాసెసర్ ఒకరిది, వైఫై కార్డు ఇంకొకరిది, బయాస్ మరొకరిది, పైన మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్. అందరూ కలిసి పడుకుంటేనే నిద్ర. ఒక్కరు సహకరించకపోయినా బ్యాటరీ కారిపోతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ ఏ రకమో చూద్దాం. స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైప్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టండి. అందులో పీ, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సీ, ఎఫ్, జీ, తర్వాత స్పేస్, స్లాష్, ఏ. అంటే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ. ఎంటర్. పైన వచ్చే లిస్టులో స్టాండ్‌బై పక్కన ఎస్3 అని ఉంటే మీది పాత పద్ధతి నిద్ర. ఎస్0 లో పవర్ ఐడిల్ అని ఉంటే మోడరన్ స్టాండ్‌బై.

ఇక్కడొక తమాషా ఉంది. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పాత బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 ఉంటుంది. కొత్త మోడళ్లలో ఎక్కువ వాటికి ఉండదు. అందుకే కొత్త ల్యాప్‌టాప్ కొన్న ఫ్రెండ్‌ది బ్యాగ్‌లో కాలుతుంటే, పక్కవాడి పాతది హాయిగా పడుకుంటుంది.

రెండో కమాండ్, పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ స్లీప్‌స్టడీ. స్లీప్, స్టడీ రెండూ కలిపి ఒకే మాటగా కొట్టండి. ఒక రిపోర్ట్ ఫైల్ తయారవుతుంది. ఎక్కడ సేవ్ అయిందో అదే విండోలో చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే గత మూడు రోజుల్లో మీ ల్యాప్‌టాప్ ఎప్పుడు పడుకుంది, ఎంత చార్జింగ్ తిన్నది, నిద్ర చెడగొట్టింది ఎవరు, అన్నీ పేర్లతో సహా ఉంటాయి.

ఒక కేసు చెప్తాను. అశోక్‌నగర్‌లో ఉండే ఒక తమ్ముడు తన రిపోర్ట్ పంపించాడు. రాత్రి 8కి లైబ్రరీలో మూత మూశాడు, అప్పుడు 86 శాతం. మెస్‌లో తిని, నారాయణగూడలో ఫ్రెండ్ రూముకి వెళ్లి, 11కి తన రూములో తెరిచాడు, 41 శాతం. బ్యాటరీ కెపాసిటీ 45 వాట్ అవర్స్. లెక్క వేయండి. 45 శాతం అంటే దాదాపు 20 వాట్ అవర్స్, మూడు గంటల్లో. అంటే గంటగంటకీ సుమారు 7 వాట్లు.

7 వాట్లు అంటే ఎంత? మన ఇళ్లలో పాతకాలం జీరో బల్బు ఉండేది గుర్తుందా? పేరుకి జీరో గానీ 12 నుంచి 15 వాట్లు తినేది. అందులో సగం అనుకోండి. ఆ సగం బల్బుని వెలిగించి, స్లీవ్‌లో చుట్టి, పుస్తకాల మధ్య ఇరికించి, బ్యాగ్ జిప్ వేశారు. వేడి పోవడానికి దారేదీ? ల్యాప్‌టాప్ తిన్న కరెంట్ మొత్తం చివరికి వేడిగానే బయటికి రావాలి. మామూలుగా అడుగు నుంచి చల్లగాలి లాక్కుని, వెనకో పక్కనో వేడిగాలి వదులుతుంది. బ్యాగ్‌లో ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. ఫ్యాన్ తిరిగినా అదే వేడిగాలి మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మే నెల అయితే బయటే 40 డిగ్రీలు. నిజంగా నిద్రపోతే అదే ల్యాప్‌టాప్ అర వాటు చుట్టుపక్కల తినాలి. అప్పుడు మూడు గంటలకి మూడు నాలుగు శాతం కంటే ఎక్కువ తగ్గదు.

ఆ తమ్ముడి రిపోర్ట్‌లో దొంగ ఎవరో తెలుసా? వైఫై అడాప్టర్. కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేయించాను. మర్నాడు రాత్రి అదే మూడు గంటలకి 4 శాతం తగ్గింది.

ఇప్పుడు వేడి వల్ల దెబ్బ దేనికో చూద్దాం. ప్రాసెసర్ గురించి పెద్దగా భయపడక్కర్లేదు. 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే అదే స్పీడ్ తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే మిషన్ ఆపేస్తుంది. పాపం బ్యాటరీకే తప్పించుకునే దారి లేదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు. ఫుల్ చార్జ్‌లో ఉండి వేడెక్కితే ఇంకా పడదు. లోపల రసాయనాలు చెడి గ్యాస్ తయారవుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. ఒక్కరోజులో జరగదు. రోజూ కొంచెం కొంచెంగా, ఆరు నెలలో ఏడాదో అయ్యాక బయటపడుతుంది.

ఉబ్బిందని ఎట్లా తెలుస్తుంది? టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంది, లేదా క్లిక్ అవ్వదు. మూత సరిగ్గా పడదు. టేబుల్ మీద పెడితే కుంటి పీటలాగా ఊగుతుంది. ఇందులో ఏది కనిపించినా వెంటనే షట్‌డౌన్ చేయండి. చార్జింగ్ పెట్టకండి. నొక్కి సరిచేద్దాం, సూదితో గాలి తీద్దాం అనే ఐడియాలు అస్సలు వద్దు, మంటలు వస్తాయి. దిండు కింద, పరుపు మీద పెట్టుకుని పడుకోవద్దు. ఒకే రూములో నలుగురు ఉండే చోట అది మీ ఒక్కరి రిస్కు కాదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి మార్పించండి. పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

సరే అన్నా, ఇవన్నీ కాకుండా ఏం చేయాలో చెప్పు అంటారా? చెప్తా.

ఒకటి. బ్యాగ్‌లో పెడుతున్నారంటే స్లీప్ వద్దు, హైబర్నేట్ పెట్టుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లండి. ఎడమవైపు మూత మూస్తే ఏం చేయాలి అనే లింక్ ఉంటుంది. అందులో ఆన్ బ్యాటరీ, ప్లగ్డ్ ఇన్ రెండింటికీ హైబర్నేట్ సెలెక్ట్ చేసి సేవ్ కొట్టండి. హైబర్నేట్ కనిపించకపోతే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్, స్పేస్, ఆన్ అని కొట్టండి. తెరిచినప్పుడు లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

దీనికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. రోజూ హైబర్నేట్ చేస్తే ఎస్ఎస్‌డీ అరిగిపోదా? లెక్క చూద్దాం. ఒక్కోసారి 4 జీబీ రాస్తుంది అనుకుందాం, రోజుకి మూడుసార్లు. 12 జీబీ. ఏడాదికి నాలుగున్నర టీబీ కూడా కాదు. 150 టీబీ రాతకి రేటింగ్ ఉన్న డ్రైవ్ అయితే ఈ ఒక్క పనికే ముప్పై ఏళ్లకి పైగా వస్తుంది. అప్పటికి మీరు రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉంటారు.

రెండు. ముందు చార్జర్ తీయండి, తర్వాత మూత మూయండి. చాలామంది మూత మూసేసి, ఆ తర్వాత చార్జర్ పీకి బ్యాగ్‌లో పెడతారు. కొన్ని మిషన్లు అప్పుడు ఇంకా కరెంట్ మీదే ఉన్నామనుకుని లోపల పని చేస్తూనే ఉంటాయి. 2023లో లైనస్ టెక్ టిప్స్ ఛానల్ ఇదే సమస్య మీద వీడియో చేసినప్పుడు కూడా ఈ సంగతి బయటికొచ్చింది.

మూడు. లైట్ ఆరేదాకా ఆగండి. హైబర్నేట్‌కి పది, పదిహేను సెకన్లు పట్టొచ్చు. ఫ్యాన్ ఆగిందా, పవర్ లైట్ ఆరిందా చూసుకుని అప్పుడు జిప్ వేయండి. మౌస్ డాంగిల్ కూడా పీకేయండి.

నాలుగు. దూర ప్రయాణమైతే షట్‌డౌనే. పండక్కి ఊరెళ్తున్నారు, రాత్రంతా బస్సులో బ్యాగ్ కాళ్ల దగ్గర ఉంటుంది. అప్పుడు ఏ మోడ్ మీదా నమ్మకం పెట్టుకోకండి. డెల్ కంపెనీ కూడా తన సపోర్ట్ పేజీలో బ్యాగ్‌లో పెట్టేముందు పూర్తిగా ఆఫ్ చేయమనే చెప్పింది.

ఐదు. రిజిస్ట్రీలో ఒక లైన్ మారిస్తే ఎస్3 తిరిగొస్తుంది అని వీడియోలు ఉన్నాయి. మీ బయాస్‌లో సపోర్ట్ లేకపోతే మూత తెరిచాక స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు. కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్లలో బయాస్‌లోనే స్లీప్ స్టేట్ మార్చే ఆప్షన్ ఇచ్చారు, అట్లా ఉంటే వాడుకోండి. లేకపోతే హైబర్నేట్‌తో సరిపెట్టుకోండి.

ఉబుంటు వాడేవాళ్లకి ఒక్క ముక్క. సిస్ ఫోల్డర్‌లో పవర్, అందులో మెమ్ స్లీప్ అనే ఫైల్ చూడండి. బ్రాకెట్లలో డీప్ అని ఉంటే ఎస్3, ఎస్2ఐడిల్ అని ఉంటే మన మూడో రకం. మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లు బ్యాటరీ సెట్టింగ్స్ ఆప్షన్స్‌లో వేక్ ఫర్ నెట్‌వర్క్ యాక్సెస్‌ని బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆపుకోండి. ఇంటెల్ మ్యాక్ అయితే పవర్ న్యాప్ కూడా.

చివరిగా ఒక మాట. నోట్స్ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంచకండి. ఒక పెన్‌డ్రైవ్‌లోకో, డ్రైవ్‌లోకో వారానికోసారి కాపీ వేయండి. బ్యాటరీ పోతే కొనుక్కోవచ్చు, ఏడాది పాటు రాసుకున్న నోట్స్ ఏ షాపులోనూ దొరకవు.

ఇవాళ పడుకునేముందు స్లీప్‌స్టడీ రిపోర్ట్ తీయండి. మీ ల్యాప్‌టాప్ నిద్ర చెడగొడుతున్నది ఎవరో, ఎంత శాతం తింటోందో కామెంట్‌లో పెట్టండి, మోడల్ పేరుతో సహా. పక్క సీటువాడి బ్యాగ్ వెచ్చగా తగిలితే వాడికి ఈ లింక్ పంపండి. ఉంటాను మరి, బాగా చదువుకోండి.