బైండింగ్ పనిచేయట్లేదా? ఈ వరుసలో వెతకండి

పోయిన ఎపిసోడ్‌లో డబ్ల్యూపీఎఫ్ డేటా బైండింగ్ ఎలా రాయాలో చూశాం. ఈ రోజు అది పనిచేయకపోతే ఎక్కడ వెతకాలో చూద్దాం.

ఉదాహరణకి, మా యాలాల్ మండలం నుంచి తాండూరు మార్కెట్‌కి వచ్చే కందులకి తక్‌పట్టీ ప్రింట్ చేసే యాప్ రాస్తున్నాం అనుకోండి. స్క్రీన్ మీద రైతు పేరు, బస్తా బరువు, ధర, మొత్తం డబ్బులు ఉంటాయి.

మొదటి రకం సమస్య: బాక్స్ ఖాళీగా ఉంటుంది. యాప్ ఆగదు, మెసేజ్ రాదు. ఎందుకంటే మామూలు బైండింగ్‌లో పాత్ అనేది ఒక స్ట్రింగ్ మాత్రమే, కంపైలర్ దాన్ని చెక్ చేయదు. విజువల్ స్టూడియోలో అవుట్‌పుట్ విండో తెరవండి. ఎర్రర్ 40 కనిపిస్తే పాత్ దొరకలేదని అర్థం. ఏ ప్రాపర్టీ కోసం ఏ ఆబ్జెక్ట్‌లో వెతికిందో ఆ లైన్‌లోనే ఉంటుంది. ఆబ్జెక్ట్ వేరేదైతే డేటాకాంటెక్స్ట్ తప్పు. ఆబ్జెక్ట్ సరైనదే అయితే పేరులో అక్షరం తేడా ఉంది, లేదా ప్రాపర్టీ బదులు ఫీల్డ్ రాశారు. ఎర్రరే లేకపోతే డేటాకాంటెక్స్ట్ నల్ అయ్యిందేమో చూడండి. అప్పటికీ తేలకపోతే ఆ బైండింగ్‌కి ట్రేస్‌లెవెల్ హై పెట్టండి, ప్రతి అడుగూ రాస్తుంది.

రెండో రకం: మొదటిసారి విలువ వస్తుంది, తర్వాత మారదు. క్లాస్‌లో ఐనోటిఫై ప్రాపర్టీ ఛేంజ్డ్ ఉందా, సెట్టర్‌లో ఈవెంట్ లేపుతున్నామా చూడండి. కొత్త బస్తా వరుస గ్రిడ్‌లో కనపడకపోతే, మామూలు లిస్ట్ బదులు అబ్జర్వబుల్ కలెక్షన్ వాడండి.

మూడో రకంలో ఎర్రర్ అస్సలు రాదు, అందుకే నాకు భయం దానితోనే. బరువు 50 కేజీలని కొట్టారు, పక్క బాక్స్‌కి వెళ్లారు. కాంటా మళ్లీ చూసి, వెనక్కి వచ్చి 52.4గా దిద్ది ఎంటర్ నొక్కారు. సేవ్ బటన్‌కి ఈజ్‌డిఫాల్ట్ ఉంది కాబట్టి సేవ్ అయిపోయింది. స్క్రీన్ మీద 52.4, పట్టీలో 50! టెక్స్ట్‌బాక్స్ మామూలుగా ఫోకస్ పోయినప్పుడే విలువని వ్యూమోడల్‌కి పంపుతుంది. ఎంటర్ నొక్కితే ఫోకస్ కదలదు. ఒక్క బస్తాకే రైతుకి 2.4 కేజీల డబ్బులు పోయాయి.

అప్‌డేట్ సోర్స్ ట్రిగ్గర్‌ని ప్రాపర్టీ ఛేంజ్డ్ చేస్తే చాలు కదా అంటారు. పేరుకి సరిపోతుంది. బరువు డబుల్ టైప్ అయితే, డాట్‌నెట్ 4.5 నుంచి చుక్క కొట్టడమే ఇబ్బంది అవుతుంది. అందుకని బరువు దగ్గర నేను సేవ్‌కి ముందు ఆ బైండింగ్ మీద అప్‌డేట్‌సోర్స్ పిలుస్తాను.

ఖాళీ బాక్స్ ఎవరి కంటికైనా పడుతుంది. నిండుగా ఉన్న బాక్స్‌నే మీరు అనుమానించాలి. టెస్ట్ చేసేటప్పుడు ఒకసారి మౌస్‌తో, ఒకసారి ఎంటర్‌తో సేవ్ చేసి, ప్రింట్‌లో పడ్డ అంకె చదవండి.

వచ్చే ఎపిసోడ్‌లో వాల్యూ కన్వర్టర్లు చూద్దాం. ఉంటాను మరి.