రోజూ జిమ్‌కి వెళ్తే కండ త్వరగా వస్తుందా?

"అన్నా, ఒకరోజు రెస్ట్ తీసుకుంటే కండ పోతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. ఆ భయం నాకూ ఉండేది. కొత్తలో ఆదివారం కూడా వదలకుండా వెళ్లాను, దాదాపు రోజూ ఛాతీకే చేసేవాణ్ణి. మూడు నెలలైనా బెంచ్ ప్రెస్ 50 కిలోలు దాటలేదు. పైగా భుజం నొప్పితో రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయేవాణ్ణి. అయినా ఇంకా ఎక్కువ చేయాలనుకున్నాను. అదే నా తప్పు.

విషయం ఏంటంటే, జిమ్‌లో మనం కండకి పని మాత్రమే ఇస్తాం. పెరగడం ఆ తర్వాతే. దాదాపు 24 నుంచి 48 గంటల పాటు శరీరం కండలో కొత్త ప్రోటీన్ చేరుస్తుంది. అలసట తీరకముందే మళ్ళీ అదే కండకి చేస్తే, బరువు లేవదు.

అలాగని వారానికి ఒక్కసారి చేసి వదిలేయొద్దు. ఒక్కో కండకి వారానికి రెండుసార్లు చాలామందికి బాగా పనిచేస్తుంది. కొత్తవాళ్ళయితే సోమ, బుధ, శుక్రవారాల్లో ఫుల్ బాడీ చేయండి. నాలుగు రోజులు కుదిరితే రెండు రోజులు అప్పర్, రెండు రోజులు లోయర్.

రెస్ట్ రోజు కూడా గుడ్లు, పప్పు, పెరుగు తినాల్సిందే. ఏడెనిమిది గంటలు నిద్రపోవాలి. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూస్తే అది రెస్ట్ కాదు తమ్ముడూ!

నేను నాలుగు రోజులకి తగ్గించాక నొప్పి పోయింది, బెంచ్ 60 దాటింది. కీళ్ళ నొప్పి తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి. రేపు మీకు రెస్ట్ డే అయితే భయపడకండి, హాయిగా పడుకోండి.