మూగవోయిన లాప్‌టాప్: మూర్ఛయా, మరణమా?

(సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీత సాహిత్యములను వినగోరి విచ్చేసిన ఈ సభలో ఒక యంత్రమును గూర్చి ముచ్చటించుటకు నాకు అవకాశము కల్పించిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. ఈ విషయము మనకు దూరమైనది కాదు. పిల్లల చదువులు, ఆదాయపు పన్ను కాగితములు, పింఛను పత్రములు, పెండ్లి ఛాయాచిత్రములు, ఇవి యన్నియు నేడు లాప్‌టాప్‌లోనే ఉన్నవి. బదిలీ ఉత్తరువు వచ్చినపుడు మంచములను, బీరువాలను లారీకెక్కించి, దీనిని మాత్రము ఒడిలో పెట్టుకొని రైలెక్కుదుము. అట్టి వస్తువు ఒకనాటి ఉదయమున మీట నొక్కినను పలుకకున్నచో ఇంటిల్లిపాదికిని కలుగు దిగులు ఇంతంత కాదు.

ఆ దిగులు నేను అనుభవించితిని. 2022 జూన్ మాసమున, ఢిల్లీ ఎండలు నిప్పులు చెరుగుచున్న కాలములో, మా ఇంటి లాప్‌టాప్ హఠాత్తుగా మూగవోయినది. దీపము లేదు, ధ్వని లేదు, తెర నల్లగా ఉన్నది. మా తండ్రిగారు కాలధర్మము నొందుటకు పూర్వము మా ఊరి సంగతులను, మా వంశపు కథలను రెండు గంటలసేపు చెప్పగా రికార్డు చేసి దానిలో దాచియుంటిని. ఆ కంఠస్వరమునకు మరియొక ప్రతి లేదు. మరమ్మతు దుకాణమునకు పరుగెత్తితిని. ఆయన రెండు నిమిషములు చూచి, మదర్‌బోర్డు పోయినదనియు, క్రొత్త యంత్రపు ధరలో సగము కాగలదనియు, లోపలి సమాచారమునకు తాను పూచీ పడజాలననియు సెలవిచ్చెను.

మరునాడు కార్యాలయములో ఈ విచారమును మా విభాగములోని ఒక యువకునితో చెప్పుకొంటిని. అతడు ఒక్క ప్రశ్న అడిగెను: "గురువుగారూ, మీట ఎంతసేపు నొక్కి పట్టుకొన్నారు?" "ఐదారు సెకండ్లు," అంటిని. "చార్జరు తీసివేసి ముప్పది లెక్కపెట్టేవరకు వదలకండి. తరువాత చార్జరు పెట్టి, మళ్ళీ ఒకసారి నొక్కి చూడండి," అనెను. ఇంటికి పోయి అట్లే చేసితిని. తెర వెలిగినది. మా తండ్రిగారి స్వరము మరల వినబడినపుడు మా శ్రీమతి కన్నీరు పెట్టుకొనెను. నా సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

రామాయణ యుద్ధకాండలో లక్ష్మణుడు శక్తిదెబ్బకు కూలినపుడు రాముడు తమ్ముడు మరణించినాడనియే విలపించెను. సుషేణుడు మాత్రము ముఖకాంతిని, అరచేతుల రంగును పరీక్షించి, ఇతడు మరణించలేదని నిశ్చయించిన పిమ్మటనే ఔషధమునకు మనిషిని పంపెను. మొదట పరీక్ష, తరువాత చికిత్స. లాప్‌టాప్ విషయమునను మనము పాటింపవలసిన క్రమము ఇదియే.

ఈ మూర్ఛ ఎందులకు కలుగునో ముందుగా చెప్పెదను. మన గోడమీది స్విచ్చి తీగను నేరుగా కలుపును, లేదా తెంచును. లాప్‌టాప్ మీట అట్లు చేయదు. అది కేవలము ఒక అర్జీ. ఆ అర్జీని స్వీకరించుటకు లోపల ఎంబెడెడ్ కంట్రోలరు అను చిన్న చిప్ కలదు. మీట, కీబోర్డు, ఫ్యాను, బ్యాటరీ చార్జింగు, వీటిని కనిపెట్టియుండుట దాని ఉద్యోగము. మనము మూత మూసి నిద్రపుచ్చినను అది మేలుకొనియే యుండును. ఒక్కొక్కప్పుడు విద్యుత్తు హెచ్చుతగ్గుల వలననో, నిద్రకును మెలకువకును నడుమ చిక్కువడుట వలననో, ఆ చిప్ స్తంభించిపోవును. మన కార్యాలయములలో డిస్పాచి గుమాస్తా సొమ్మసిల్లినచో పై అధికారులు ఎంత సమర్థులైనను కాగితము కదలదు గదా! ఇదియు అట్టిదే. యంత్రము బాగుగనే ఉన్నది; అర్జీ మాత్రము అందుట లేదు.

పూర్వపు లాప్‌టాప్‌లలో ఉపాయము సులభము. వెనుకనున్న గొళ్ళెము జరిపి బ్యాటరీని ఊడదీసి, తిరిగి పెట్టినచో కంట్రోలరుకు విద్యుత్తు పూర్తిగా ఆగి, అది క్రొత్తగా పని ప్రారంభించెడిది. యంత్రములు పలుచబడిన కొలది ఆ సౌకర్యము పోయినది. 2008లో వెలువడిన మాక్‌బుక్ ఎయిర్‌లో బ్యాటరీని లోపలనే బిగించిరి. పిమ్మట ఇతర కంపెనీలును ఆ మార్గమునే పట్టినవి. ఊడదీయు వీలు లేనందున తయారీదారులు వేరొక ద్వారమును ఉంచిరి: మీటను దీర్ఘముగా నొక్కి పట్టుట. కొన్ని థింక్‌ప్యాడ్‌ల వంటివానికి అడుగుభాగమున ఇందులకై సూదిబెజ్జమంత రంధ్రము కూడ కలదు.

ఇక క్రమమును వినిపింతును.

మొట్టమొదట ప్రమాద చిహ్నములను చూడవలెను. యంత్రము విపరీతముగా వేడెక్కినను, తియ్యనివాసనగాని మాడువాసనగాని వచ్చినను, టీయో నీరో ఒలికినను, టచ్‌ప్యాడ్ పైకి ఉబికినను, మూత సరిగా పడకున్నను, అచ్చటనే ఆగవలెను. ఉబ్బిన బ్యాటరీని చార్జి చేయరాదు, నొక్కరాదు, పొడువరాదు. అది మండగలదు. ఈ స్థితిలో క్రింద చెప్పబోవు ఏ చికిత్సయు పనికిరాదు. తెలిసినవారికి ఒప్పగించుటయే మార్గము.

రెండవది, ప్రాణము ఉన్నదా లేదా అను పరీక్ష. మీట నొక్కిన పిదప చెవి యొగ్గి ఫ్యాను ధ్వని వినుడు. కీబోర్డుపై క్యాప్స్ లాక్ నొక్కినపుడు దాని దీపము వెలిగి ఆరుచున్నచో యంత్రము మేలుకొనియే ఉన్నది. తెర మాత్రమే చీకటి. చీకటి గదిలో టార్చి వేసి తెరను ఏటవాలుగా చూచినచో మసకగా బొమ్మ కనబడవచ్చును. అప్పుడు తప్పు తెర వెనుకనున్న వెలుగుది. వెలుగు పెంచు మీటను నొక్కి చూడుడు. విండోస్ యంత్రములలో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగింటిని ఒక్కసారి నొక్కినచో తెరను నడుపు ప్రోగ్రాము తిరిగి ప్రారంభమగును. హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో ఇంటి టెలివిజనుకు కలిపి చూచుటయు మంచి పరీక్ష.

మూడవది, ఆహారము. గోడ ప్లగ్గులో మరియొక వస్తువును పెట్టి కరెంటు ఉన్నదో లేదో చూడుడు. చార్జరు తీగ ఎచ్చట నలిగినదో తడిమి చూడుడు. నేటి లాప్‌టాప్‌లు అనేకము టైప్-సి తీగతో చార్జి అగుచున్నవి గనుక, పిల్లలు ఫోను చార్జరును తగిలించి "పనిచేయుట లేదు" అందురు. 65 వాట్లు కోరు యంత్రమునకు 18 వాట్ల చార్జరు తినిపించినచో ఆకలి తీరదు. అదియును గాక, రెండు టైప్-సి రంధ్రములున్నను ఒకటి మాత్రమే చార్జింగుకు పనికివచ్చు యంత్రములు కలవు.

సెలవులకు ఊరికి పోయి నెలల తరబడి లాప్‌టాప్‌ను బీరువాలో ఉంచినచో మరియొక చిక్కు కలదు. లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో వాడుకలోనికి వచ్చినవి. వాని రూపకల్పనకు గాను గుడినఫ్, విట్టింగ్‌హామ్, యొషినో అను మువ్వురకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. సాధారణముగా వీని ఒక్కొక్క సెల్లు నిండినపుడు సుమారు 4.2 వోల్టులు ఉండును. 3 వోల్టులకు క్రిందికి దిగజారినచో, ఉపవాసమున్నవానికి గంజి త్రాగించినట్లు, చార్జింగు సర్క్యూటు మొదట స్వల్పముగా మాత్రమే విద్యుత్తు నిచ్చును. అంతవరకు దీపమైనను వెలుగకపోవచ్చును. కావున చార్జరు పెట్టి కనీసము అరగంట, వీలైన గంట, తాకక వేచియుండవలెను. చాలమంది ఓడిపోవుట ఇచ్చటనే.

నాలుగవది, అసలు చికిత్స. పెన్‌డ్రైవు, మెమరీ కార్డు, ప్రింటరు తీగ, మౌస్, అన్నింటిని తీసివేయుడు. చార్జరును తీసివేయుడు. పవర్ మీటను నొక్కి, వదలక, 30 వరకు నెమ్మదిగా లెక్కింపుడు. 10, 15, 20 అని కంపెనీలు వేర్వేరుగా చెప్పుచున్నవి. ముప్పది చాలవరకు సరిపోవును. పిదప వదలి, ఒక నిమిషము ఆగి, చార్జరు కలిపి, మామూలుగా ఒక్కసారి నొక్కుడు. కొన్ని నమూనాలలో చార్జరు ఉంచియే నొక్కి పట్టవలెను. కొన్నిటికి రెండు మూడు మీటలు కలిపి నొక్కు పద్ధతి కలదు. నమూనా పేరుతో కంపెనీవారి పుస్తకమును ఫోనులో చూచిన తెలియును. అడుగున రీసెట్ గుర్తుగల రంధ్రమున్నచో, చార్జరు తీసి, కాగితపు క్లిప్పును సాగదీసి మృదువుగా నొక్కవచ్చును. గుర్తు లేని రంధ్రము మైక్రోఫోనుది కావచ్చును, దానిని పొడువరాదు.

ఇట్లు చేసినచో అప్పటికి సేవ్ చేయని వ్రాత పోవును. సేవ్ చేసి దాచినవి సాధారణముగా చెక్కుచెదరవు. గడియారము తప్పు సమయము చూపవచ్చును. విండోస్ కొన్ని యంత్రములలో బిట్‌లాకర్ తాళమునకై 48 అంకెల సంఖ్యను అడుగవచ్చును. అది సామాన్యముగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండును. ఈ సంఖ్యను నేటి రాత్రియే వెదకి కాగితముపై వ్రాసికొనుడని మీకు నా మనవి. మూర్ఛ వచ్చిన పిదప వెదకుట కష్టము.

ఐదవది, దీపముల భాష. అనేక యంత్రములు తమ రోగమును దీపము మినుకుమినుకుల ద్వారానో, కూతల ద్వారానో చెప్పుకొనును. ఎన్నిసార్లు, ఏ రంగు అన్నది లెక్కించి వ్రాసికొనుడు. ఫోనుతో చిత్రీకరించిన ఇంకను మంచిది. మెమరీ చిప్ కదలినదో, మదర్‌బోర్డే చెడినదో ఆ లెక్కనుబట్టి పనివాడు చెప్పగలడు.

ఇవి యన్నియు విఫలమైనపుడే దుకాణము. అచ్చట రెండు మాటలు అడుగుడు. "లోపల బ్యాటరీ కనెక్టరును విడదీసి తిరిగి పెట్టి చూచితిరా?" అనునది మొదటిది. అంతమాత్రముననే లేచిన యంత్రములు ఎన్నియో కలవు. "నిల్వచేయు డ్రైవును వేరుగా తీయవచ్చునా?" అనునది రెండవది. వేరు చేయదగినదైనచో, యంత్రము చచ్చినను, తాళపు సంఖ్య మన చేతిలో ఉన్నచో సమాచారము బ్రతుకును. బోర్డుకే అతికించినదైనచో ఆశ తక్కువ. గ్యారంటీ కాలములో బయటివారిచేత విప్పించరాదు. కార్యాలయము ఇచ్చిన లాప్‌టాప్‌ను ఎన్నడును వీధి దుకాణమునకు ఈయరాదు. అందలి కాగితములు మనవి కావు. పాడైన బ్యాటరీని ఇంటి చెత్తలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులది.

మిత్రులారా, నా కథ ఇంకను ముగియలేదు. 2024లో అదే లాప్‌టాప్ మరల మూగవోయినది. ముప్పది లెక్కించితిని, అరువది లెక్కించితిని. గంట సేపు చార్జరు పెట్టితిని. ఈ పర్యాయము అది మూర్ఛ కాదు, నిజముగా మరణమే. కాని మా ఇంట ఎవ్వరును కంటతడి పెట్టలేదు. ఏలయన మొదటి మూర్ఛ తీరిన రాత్రియే మా తండ్రిగారి మాటలకు ప్రతులు తీసితిని. ఒకటి వేరొక డ్రైవులో బీరువాలో ఉన్నది. ఒకటి ఇంటర్నెట్ నిల్వలో ఉన్నది. ఒకటి రాజమహేంద్రవరములో మా తమ్ముని ఇంట ఉన్నది. పోయినది ఇనుము, గాజు మాత్రమే.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. తాటియాకులు చెదలు పట్టును, పొడియగును. అయినను మన కావ్యములు నిలిచినవన్నచో, ఆకు శిథిలము కాకమునుపే మరియొక ఆకుపై వ్రాసిన అజ్ఞాత లేఖకుల చలువయే. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను కడపలో పండితులను నియమించి, తన సొమ్ము వెచ్చించి, ప్రతులు వ్రాయించి, పాఠములను సరిచూపించి, ఎన్నో తెలుగు గ్రంథములను కాపాడెను. ఆయన ఆకులను నమ్మలేదు, ప్రతులను నమ్మెను. మనమును యంత్రమును నమ్మరాదు.

కావున, మీ లాప్‌టాప్ మూగవోయిననాడు తొందరపడి దానికి తిలోదకములీయకుడు, ముప్పది లెక్కింపుడు. అది పలుకుచున్న నేడే, ఇంటికి పోయిన వెంటనే, మీ ఇంటి పెద్దల మాటలకు, మీ పిల్లల బొమ్మలకు ఒక ప్రతి తీసి వేరొక చోట దాచుడు. ఈ రెండింటిలో మొదటిది యంత్రమునకు ఔషధము. రెండవది మన మనశ్శాంతికి.