తాగుడు మానదలచినవారికి తగిన చోటు
(ఖరగ్‌పూర్‌లోని ఇందాలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఖరగ్‌పూర్‌ను చిన్న భారతదేశమని చెప్పుకోవడం పరిపాటి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఆంధ్ర తీరం విడిచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషలలో స్థానం కల్పించడానికి ఈ పట్టణపు తెలుగువారే ముఖ్య కారణం. మనం కార్ఖానాలో హిందీ, బజారులో బెంగాలీ, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. అయితే నలుగురిలో చెప్పుకోలేని బాధను ఏ భాషలో చెప్పుకుంటాం? ఈ ప్రశ్న నాకు మా పొరుగింటి మావయ్య వల్ల ఎదురైంది.

ఆయన వర్క్‌షాపు కార్మికుడు. ఇరవై ఏళ్ళుగా తాగుడుకు లోబడినవాడు. ఒకనాటి సాయంత్రం ఆయన భార్య మా ఇంటికి వచ్చి, "బాబూ, నీకు హిందీ బాగా వచ్చును కదా. తాగుడు మాన్పించే మీటింగులు ఉన్నాయట. మీ మావయ్యను తీసుకుని వెళ్ళు" అన్నది. అనువాదం నా వృత్తి కనుక నేను ఒప్పుకున్నాను.

మొదట వైద్యుని వద్దకు వెళ్ళాం. ఏళ్ళ తరబడి ప్రతిదినం అధికంగా తాగినవారు హఠాత్తుగా మానివేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణానికే ముప్పు రావచ్చును. కాబట్టి మానడం వైద్యుని పర్యవేక్షణలో జరగాలి. మానిన తరువాత నిలబడడానికి తోడు కావాలి. సమావేశాల అవసరం అక్కడ వస్తుంది.

ఈ సమావేశాల పుట్టుక తెలుసుకోదగినది. 1935లో బిల్ విల్సన్ అనే అమెరికన్ వ్యాపారి పరాయి ఊరైన ఆక్రన్‌లో ఉండగా తాగాలనే కోరిక బలంగా కలిగింది. తనవంటి మరొక తాగుబోతుతో మాట్లాడితే తాను నిలబడగలనని తోచి వెతికాడు. బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు దొరికాడు. ఆ ఇద్దరి సంభాషణే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థకు నాంది అయింది. రుసుము లేదు, తాగుడు మానాలనే కోరిక తప్ప వేరే అర్హత అడగరు. అక్కడ విన్నది, చూసినవారి పేరు బయట చెప్పకూడదన్నది వారి నియమం.

మావయ్య మాత్రం, "ఈ ఊళ్ళో వద్దు బాబూ, ఎక్కడికి వెళ్ళినా మనల్ని ఎరిగినవాళ్ళే" అన్నాడు. అందుచేత హౌరా లోకల్ ఎక్కాం. సభ్యులు లేచి తమ పేరు చెప్పి, తాము ఎవరో ఒప్పుకుంటారని దారిలో ఆయనకు వివరించాను. "ఆ మాట తెలుగులో ఎలా చెప్పాలి?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. 'తాగుబోతు' అన్నది ఆయన ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వింటున్న తిట్టు. 'మద్యవ్యసనపరుడు' పత్రికల్లో తప్ప మనుషుల నోట వినిపించదు. హిందీలోని 'శరాబీ' కూడ నిందతో కూడినదే. కొంతసేపటికి ఆయనే, "మొదలుపెడితే ఆపలేని మనిషిని అంటాను" అన్నాడు. వ్యాధి లక్షణాన్ని అంతకంటె సరిగా నేను అనువదించలేను.

ఆనాటిది మూసిన సమావేశం; తాగుడు సమస్య ఉన్నవారికే ప్రవేశం. అనువాదకుణ్ణయిన నేను మెట్ల మీద కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో ఆయన చెప్పిన సంగతి ఇది: హిందీలోనే మొదలుపెట్టాడు. కూతురి పెళ్ళినాడు తాను చేసిన పని చెప్పవలసి వచ్చేసరికి హిందీ ఆగిపోయి తెలుగు వచ్చింది. ఎవరూ ఆయనను ఆపలేదు. "వాళ్ళకు అర్థమైందా?" అన్నాను. "ఏమో! తలలు వంచుకుని విన్నారు. ఒక బెంగాలీ ఆయన టీ తెచ్చి ఇచ్చాడు" అన్నాడు.

అయినా ఆ చోటు ఆయనకు నిలవలేదు. దూరం ఎక్కువ, బెంగాలీ ప్రసంగాలు పూర్తిగా అందేవి కావు. నడుమ ఒకసారి మళ్ళీ తాగాడు. ఇక వెళ్ళనన్నాడు. చోటు కుదరకపోతే చోటు మార్చుకోవాలి గాని మానే ప్రయత్నం మానరాదని అత్తయ్య పట్టుబట్టింది. ఇప్పుడు ఆయన హిందీలో జరిగే వేరొక బృందానికి వెళుతున్నాడు. వారానికి ఒకనాడు ఫోనులో తెలుగువారితో కలుస్తున్నాడు.

కనుక వెతికేవారు కొన్ని విషయాలు ముందే విచారించాలి. సమావేశం అందరికీ తెరచినదా, మూసినదా? ఏ భాషలో జరుగుతుంది? డ్యూటీ వేళలకు, రైలు వేళలకు కుదురుతుందా? ఒక్కసారి చూసి తీర్పు చెప్పక, నాలుగైదు సార్లు వెళ్ళి చూడాలి. వ్యసన విముక్తికి ప్రభుత్వపు ఉచిత ఫోను 14446. మానసిక బాధలకు 14416లో తెలుగులోను, బెంగాలీలోను మాట్లాడవచ్చును.

కేంద్ర ప్రభుత్వం కోరగా ఎయిమ్స్ వైద్యులు జరిపి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన వారిలో 38 మందికి ఒక్కరికే ఏదైనా చికిత్స అందుతున్నది. తక్కిన 37 మంది ఇళ్ళలో మీవంటి పిల్లలు ఉన్నారు. తండ్రి తాగుడు మీ తప్పు కాదు. తాగేవారి కుటుంబాలకు అల్-అనాన్, అందులోనే కిశోరవయస్కులకు అలటీన్ అనే బృందాలు వేరుగా ఉన్నాయి. ఇంట్లో పెద్దలు వెళ్ళడానికి ఇంకా సిద్ధపడకపోయినా, మీరు ముందుగా ఫోను చేసి అడగవచ్చును.