తీర్మానం పుస్తకం మన చేతిలో ఉండాలి



థింసా గురించి, ఇటుకల పండుగ గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఈ పూట గ్రామసభ గురించి మాట్లాడుకుందాం. అదీ మన సంస్కృతే. పంచాయతీ ఆఫీసులు రాకముందే బారికి కబురు చెబితే మన ఊళ్లలో జనం కూడేవారు, పెద్దలు కూర్చుని మాట తేల్చేవారు. ఆ కూటాల్లో ఆడవాళ్ల మాటకు చోటు తక్కువ. ఆ లోటు మన తరం దిద్దాలి.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. కలెక్టరాఫీసు విశాఖ నుంచి పాడేరుకు వచ్చింది. సంతోషమే. కానీ ఆఫీసు దగ్గరికొస్తే అధికారం కూడా దగ్గరికొచ్చిందని అనుకోకూడదు. అధికారం ఊరిదాకా దిగడానికి వేరే చట్టం ఉంది, అదే పెసా.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు బలమిచ్చింది కానీ, ఐదో షెడ్యూలు ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. దిలీప్ సింగ్ భూరియా కమిటీ నివేదిక తర్వాత 1996 డిసెంబరు 24న పెసా చట్టమైంది. మన రాష్ట్రం 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించింది. నియమాలు మాత్రం 2011లో వచ్చాయి. అంటే దాదాపు పదిహేనేళ్లు చట్టం కాగితం మీదే ఉండిపోయింది.

ఈ చట్టంలో మనకు ముఖ్యమైనది ఒకటుంది. సొంత ఆచారాలతో తన పనులు తాను చూసుకునే గూడెం కూడా 'గ్రామం' కావచ్చు, దానికి సొంత గ్రామసభ ఉండొచ్చు. మన కొండల్లో ఒక్క పంచాయతీ కింద ఎన్నో ఊళ్లు, ఒక్కోటి ఒక్కో వాలున ఉంటాయి. పంచాయతీ కేంద్రంలో సభ పెడితే పై ఊరి ముసలమ్మ దిగి రాగలదా? రాలేకపోతే ఆమె మాట లేకుండానే తీర్మానం అయిపోతుంది.

పథకాలు మొదలయ్యేముందు ఆమోదించేది, లబ్ధిదారులను ఎంపిక చేసేది, పంచాయతీ ఖర్చుకు వినియోగ ధ్రువపత్రం ఇచ్చేది గ్రామసభే. అడ్డాకు, చింతపండు, కొండచీపురు వంటి అటవీ ఫలసాయం మీద హక్కు గురించీ ఈ చట్టం చెబుతుంది. భూసేకరణ దగ్గర మాత్రం 'సంప్రదించాలి' అనే ఉంది, 'ఒప్పుకోవాలి' అని లేదు. అందుకే అక్కడ మన మాట ఏమని రాశారన్నది ఇంకా ముఖ్యం.

మాట నిలబడిన చోట్లు మన చుట్టూనే ఉన్నాయి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం 1/70 చట్టానికి విరుద్ధమని చెప్పింది. సరిహద్దు దాటితే ఒడిశాలోని నియమగిరి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో, జడ్జి సమక్షంలో పన్నెండు ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండూ తేల్చి చెప్పాయి. అక్కడ కొండను కాపాడింది ఆ తీర్మానాలే.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చదువుకున్న మనమే చేయాల్సిన పనులు కొన్నున్నాయి. సభ ఎప్పుడో, ఎందుకో ముందే కనుక్కుని ఇంటింటికీ చెప్పాలి. తీర్మానాన్ని సంతకాలకు ముందే కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, ఆ ఊరికి తెలిసిన భాషలో గట్టిగా చదివి వినిపించాలి. ఖాళీ పేజీ మీద వేలిముద్ర పడనివ్వకూడదు. ముగిశాక ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి ఊరి దగ్గర ఉంచుకోవాలి. మన ఊరికి సొంత సభ లేకపోతే, కావాలని రాతపూర్వకంగా అడగాలి.

వీటికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఒక సాయంత్రం, ఒక చెట్టు నీడ, పక్కనే కూర్చున్న మన అమ్మమ్మ ఉంటే చాలు. వచ్చే సభకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్దాం, ఆమె చెప్పిన మాటే పుస్తకంలోకి ఎక్కేలా చూద్దాం.

జై ఆదివాసీ!