పెళ్ళి ఫొటోల్లో ఏముండాలి?



పెళ్ళిలో ఏ ఫొటోలు తీయాలో నిర్ణయించేది ఇంటి పెద్దలు. పెళ్ళికూతురు తల వంచుకోవడం, అప్పగింతల్లో ఏడవడం, తండ్రి అల్లుడి కాళ్ళు కడగడం తప్పక తీయిస్తారు. రేపు ఆమెకి అవసరమయ్యేవి ఎవరికీ గుర్తుండవు.

మనోవర్తి అడిగితే "ఈమె నా భార్యే కాదు" అనే మగవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. హిందూ వివాహ చట్టం (1955) ప్రకారం ఆచారబద్ధమైన తంతు జరిగి ఉండాలి. తంతు లేకుండా రిజిస్ట్రేషన్ పత్రం ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. కాబట్టి జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ, ఏడడుగులు - ఎవరి ఆచారంలో ఏది ముఖ్యమో అది - ఇద్దరి ముఖాలూ, పురోహితుడూ, రేపు సాక్ష్యం చెప్పగల బంధువులూ కనబడేలా తీయించాలి.

రెండోది, పుట్టింటివారు పెట్టిన నగలు, సామాను. కట్నం ఇవ్వడమూ నేరమే. నేను చెప్పేది కానుకల గురించి. వాటి జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలని 1985 నాటి నిబంధనలున్నాయి. జాబితాకి ఫొటోలు తోడైతే స్త్రీధనం తిరిగి అడగడం తేలికవుతుంది. అది భర్త చేతిలో ఉన్నా ఆమె సొత్తేనని ప్రతిభారాణి కేసులో (1985) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఫొటో ఒక్కటే పెళ్ళిని రుజువు చేయదు. శుభలేఖ దాచాలి, పెళ్ళి రిజిస్టరు చేయించాలి. మన రాష్ట్రంలో 2002 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది.

చివరిగా, ఆల్బం అత్తవారింటి బీరువాలో ఉంటుంది. గొడవైననాడు ఆమె కట్టుబట్టలతో బయటికొస్తుంది. ఒక ప్రతి పుట్టింట్లో ఉంచమని పెళ్ళి కుదిరిన ప్రతి ఇంట్లోనూ చెబుదాం.